ఒబె అటా: తడి ఇంకాకే నూనె

నైజీరియాలో యొరుబా వాళ్లు వండే ఒబె అటా పులుసు కాదు, మిరప ముద్దను నూనెలో వేయించి చేసే చిక్కటి కూర. కిలో మేకమాంసానికి కండపట్టిన తాతషే ఎర్ర మిరపలు 5, టమాటాలు 3, ఉల్లిపాయలు 3, అటా రోడో అనే చిన్న మిరపకాయలు 2 చాలు. ఈ రోడో చూడ్డానికి ముడతలు పడిన బుడ్డిలా ఉంటుంది, ఘాటంతా దానిదే. గుంటూరు కారం అలవాటున్నవాళ్లు కూడా మూడోది వేసే ముందు ఆగాలి. టమాటా తాతషేని మించితే కూర పులుపెక్కుతుంది.

మాంసాన్ని ఒక ఉల్లిపాయ, థైమ్ (వాసన కోసం వేసే ఎండు ఆకు), ఉప్పు వేసి ఉడికించి, ఆ నీళ్లు దాచండి. మిరపలు, టమాటాలు, ఇంకో ఉల్లిపాయ నీళ్లు పోయకుండా రుబ్బి, నూనె లేకుండానే మూత తీసి మరిగించాలి. సుమారు 20 నిమిషాలకు గరిటెతో గీసిన దారి వెంటనే మూసుకోదు. చాలామంది తొందరపడేది ఇక్కడే. తడి ముద్ద నూనెలో వేగదు, ఉడుకుతుంది. పచ్చి వాసన అలాగే ఉండిపోతుంది.

200 మి.లీ. వేరుసెనగ నూనె కాచి, తరిగిన మూడో ఉల్లిపాయ, ఆపైన ముద్ద వేసి, మధ్య మంట మీద 15 నిమిషాలు అడుగంటకుండా కలపాలి. నూనె ఎర్రగా పైకి తేలాక మాంసం, మాంసం ఉడికించి దాచిన నీళ్లు కప్పు, మ్యాగీ బిళ్ల (కూరలకు రుచి కోసం వేసే ఉప్పటి క్యూబ్), అర చెంచా కరీ పౌడర్ వేసి 10 నిమిషాలు ఉంచండి. బిళ్లలోనే ఉప్పుంది, రుచి చూశాకే ఇంకాస్త. గరం మసాలా జోలికి మాత్రం పోకండి.