ముందొచ్చినా తప్పే, మెయిల్ లేటొచ్చినా పర్లేదు

మా నాన్న ఆర్టీసీలో, బస్సులొచ్చే టైములు రాసుకునే కంట్రోలర్‌గా చేసి రిటైర్ అయ్యారు. టీఎస్‌డీ ర్యాలీ అంటే ఏంటో ఇక్కడ సియాటిల్లో ఆఫీసువాళ్లకి మూడేళ్లుగా చెప్తున్నా, సగం మందికి ఇప్పటికీ అది కార్ల రేసే. ఆయనకి మాత్రం ఫోన్లో రెండు నిమిషాల్లో ఎక్కేసింది. "అంటే బస్సు టైం కంటే ముందొచ్చినా రాస్తారన్నమాట" అన్నారు. అంతే నాన్నా, సరిగ్గా అంతే.

టైం, స్పీడ్, డిస్టెన్స్. మామూలు రోడ్ల మీద, స్పీడ్ లిమిట్ లోపలే. ఫలానా మలుపు నుంచి సగటున గంటకి 36 మైళ్లు అని రూట్ పుస్తకంలో ఇస్తారు, ఎక్కడో చెప్పకుండా కంట్రోల్, అంటే కార్ల టైం రాసుకునే చోటు, పెడతారు, అక్కడికి రావాల్సిన క్షణం కంటే ఒక సెకను ముందొచ్చినా ఒక పాయింటే, ఒక సెకను ఆలస్యమైనా ఒక పాయింటే, చివరికి ఎవరికి తక్కువ పాయింట్లుంటే వాళ్లదే గెలుపు. 36 అంటే మైలుకి సరిగ్గా వంద సెకన్లు, పక్క సీట్లో కూర్చుని లెక్కలు చూసే నావిగేటర్లకి అందుకే ఆ అంకె మీద అంత ప్రేమ. కార్లని నిమిషానికొకటి వదులుతారు కాబట్టి కారు నంబరే దాని నిమిషాల లెక్క. సున్నా నంబరు కారంటూ ఉంటే 10:28కి రావాల్సిన చోటికి 14వ నంబరు కారు 10:42:00కి రావాలి.

నేను నడపను. కంట్రోల్ దగ్గర కూర్చుంటాను, లేదా స్కోర్లు చూస్తాను. ఊళ్లోనే జరిగే సాయంత్రం ర్యాలీ అయితే స్కోరింగ్ పెద్ద పనేం కాదు, అందరూ అదే పిజ్జా కొట్టుకి చేరతారు, కాగితాలు అక్కడే కూడుకోవచ్చు. వందల మైళ్లవి వేరే సంగతి. 1984లో మొదలైన ఆల్కాన్ 5000 లాంటివి ఇటునుంచి అలాస్కా వైపు వేల మైళ్లు పోతాయి. అక్కడ డాల్టన్ హైవే మీద కోల్డ్‌ఫుట్ నుంచి డెడ్‌హార్స్ దాకా 240 మైళ్లు పెట్రోల్ బంకు కూడా ఉండదు. మేం చేసినది దానిముందు పిల్లకాలువ: రెండు రోజులు, వాషింగ్టన్ నుంచి ఐడహో మీదుగా మోంటానా. అయినా అడవి రోడ్లలో సిగ్నల్ లేకపోవడం ఎక్కడైనా ఒకటేగా.

మొదట ఒక మిత్రుడు చక్కటి వెబ్ పేజీ కట్టాడు, ఫోన్లో టైం నొక్కగానే స్కోరు బోర్డు మారిపోతుంది. పార్కింగ్ లాట్‌లో అద్భుతంగా పనిచేసింది. అడవిలో మొదటి కంట్రోల్ దగ్గరే ఫోన్లో లోడింగ్ చక్రం తిరుగుతూ తిరుగుతూ ఉండిపోయి, ఎవరో పేజీ రీలోడ్ చేయడంతో ఆరు కార్ల టైములు ఎగిరిపోయాయి. అదృష్టం, మా ఆవిడ పక్క సీట్లో నోట్‌బుక్‌లో కూడా రాస్తోంది. లేకపోతే ఆ రాత్రి మాకు భోజనం పెట్టేవాళ్లు కాదు.

తర్వాతి ఏడు మెయిల్‌కి మారాం. ఒక్కో కారుకి ఒక మెయిల్, అందులో ఒకే వరుస: "14, 6, 10:42:17". కారు, కంట్రోల్, టైం. పంపు అని నొక్కితే అవుట్‌బాక్స్‌లో పడి ఉంటుంది, సిగ్నల్ ఉందా లేదా అన్నది మన టెన్షన్ కాదు. చివరి కారు పోయాక నేను కంట్రోల్ బోర్డు పీకి కారులో పడేసి కొండెక్కుతుంటే, ఒక మలుపులో రెండు గీతలు వచ్చాయి, అంతే, ఫోన్ సుయ్ సుయ్ మంటూ ఇరవై రెండు మెయిళ్లు వరసగా పోయాయి. హోటల్లో ఉన్న లాప్‌టాప్‌లో చిన్న స్క్రిప్ట్ (ప్రోగ్రాం) నిమిషానికోసారి మెయిల్‌బాక్స్ తెరిచి చదివి పట్టికలో వేస్తుంది, 14వ కారుకి 17 పాయింట్లు. అవతలి సర్వరు ఆ కాసేపు పడుకున్నా పంపే సర్వరు వదలదు, మళ్లీ మళ్లీ తలుపు కొడుతుంది, మామూలుగా నాలుగైదు రోజులదాకా. వాట్సాప్ కూడా దాచి పంపుతుంది కదా అని అడిగారు. పంపుతుంది, కానీ అందులోంచి స్క్రిప్ట్‌తో లెక్క బయటికి లాగడం తలనొప్పి. ఇక్కడ మెయిల్ గెలిచింది పాతది కావడం వల్లే, దేనితోనైనా చదవొచ్చు.

ఇలా వచ్చే స్కోర్లని లైవ్ అనొచ్చా? నలభై నిమిషాల తర్వాత వచ్చిన స్కోరు లైవ్ ఏంటి అని మా క్లబ్బులో ఒకాయనకి పెద్ద అభ్యంతరం. నా మాట ఏంటంటే, ఈ ఆటకి అసలు ప్రేక్షకులే లేరు, చెట్లు తప్ప. నలభై నిమిషాలు ఆలస్యమైతే ఎవరికీ ఏమీ కాదు, ఒక టైం పోతేనే గొడవ.

ఒక్క షరతు. టైం మెయిల్ లోపల రాసి ఉండాలి, మెయిల్ ఎప్పుడొచ్చిందో దాన్ని నమ్మకూడదు. ఇంత తెలిసి నేనే దెబ్బతిన్నాను. ఐడహో, మోంటానా సరిహద్దులో లుకౌట్ పాస్ దాటితే టైం జోన్ మారుతుంది, గడియారం గంట ముందుకి దూకుతుంది. ర్యాలీ టైం మాత్రం బయల్దేరిన ఊరి టైమే. నా ఫోన్ చెప్పా పెట్టకుండా మారిపోయింది, నేను 2:15 అనాల్సిన చోట నిమ్మళంగా 3:15 అని కొట్టుకుంటూ పోయాను. ప్రతి కారుకీ దాదాపు 3600 పాయింట్లు! అందరికీ ఇంచుమించు ఒకేలా పడ్డాయి కాబట్టి స్థానాలు పెద్దగా మారలేదు, కానీ ఆ పదిహేను నిమిషాల్లో నా ఫోన్‌కి వచ్చిన మెయిళ్లలో భాష ఇక్కడ రాయలేను. ఇప్పుడు ఆటోమేటిక్ జోన్ ఆపేసి, డాష్‌బోర్డు మీద వేరే గడియారం పెట్టుకుంటున్నాను.

మిగతావి చిన్నవే. ఒకే రకం మెయిళ్లు గుంపుగా వస్తే మెయిల్‌బాక్స్ వాటిని స్పామ్‌లో పడేయొచ్చు, కాబట్టి పంపేవాళ్ల అడ్రసులు ముందురోజే కాంటాక్టుల్లో చేర్చాలి. ఒకే మెయిల్ రెండుసార్లు వస్తే రెండోది వదిలేయాలి. బొత్తిగా సిగ్నల్ లేని చోట శాటిలైట్ మెసెంజర్‌తో కూడా మెయిల్ అడ్రసుకే పంపొచ్చు, 160 అక్షరాల్లో పది కార్ల దాకా పడతాయి, కానీ అది కింద మ్యాప్ లింకు తగిలిస్తుంది. స్క్రిప్ట్ ఆ లింకుకి పైనున్న వరుసలు మాత్రమే చదివేలా మార్చుకోండి.

ఇంకో లాభం నేను అనుకోనిది. పట్టిక మారినప్పుడల్లా వెళ్లే మెయిల్ జాబితాలో నాన్న అడ్రసు కూడా పెట్టాను, ఊరికే, సరదాకి. గుంటూరులో అర్ధరాత్రి దాటింది, పడుకుని ఉంటారనుకున్నా. ఎనిమిదో కంట్రోల్ స్కోర్లు వెళ్లిన పది నిమిషాలకి జవాబొచ్చింది: "ఏరా, ఆ 9వ నంబరు వాడు మూడుసార్లూ ముందే వచ్చాడు. వాడి గడియారం చూడండి."

చూశాం. నాలుగు సెకన్లు ఫాస్ట్.