రెండు రోజులు నానిన స్క్రూ

అమెరికాలోని పెన్సిల్వేనియాలో, నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి శనివారం జింకల వేట మొదలవుతుంది. 2018 దాకా అది సోమవారం ఉండేది. సీజన్‌కు నెల ముందు నుంచీ మా తుపాకుల రిపేరు వర్క్‌షాపులో నిలబడటానికి చోటుండదు. అటకల మీద, మంచాల కింద ఏడాదంతా పడి ఉన్న రైఫిళ్లన్నీ ఒక్కసారిగా మా బల్ల మీదికి వస్తాయి.

నేను తాడేపల్లిగూడెం దగ్గర ఐటీఐలో ఫిట్టర్ చదివాను. సౌదీలో ఆరేళ్లు కంప్రెసర్ల మెయింటెనెన్స్ చేశాను. అక్క వేసిన పిటిషన్ మీద పద్నాలుగేళ్లకు గ్రీన్‌కార్డు చేతికొచ్చింది. తుపాకులు బాగుచేసే చోట పని అనగానే మా అమ్మకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ "ఇంకేదైనా పని చూసుకోరాదా నాయనా" అనేది. ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు మామూలుగా ఇక్కడ తుపాకీ పట్టే హక్కు ఉండదనీ, గ్రీన్‌కార్డు ఉండబట్టే నాకీ పని దొరికిందనీ చెప్పాను. దానివల్ల ఆవిడ భయం ఏమీ తగ్గలేదు. నేను చేసేది మాత్రం ఊళ్లో నేర్చుకున్న పనే. ఇనుము, తుప్పు, నూనె, ఓపిక.

అక్టోబరులో ఒక ముసలాయన పాత రైఫిల్ తెచ్చాడు. 1968లో చట్టం మారక ముందు ఇక్కడ పాత సైన్యపు తుపాకుల్ని పోస్టులో తెప్పించుకునేవాళ్లు. వాళ్ల నాన్న అలా కొన్నదట. దాన్ని ఎప్పుడూ పూర్తిగా విప్పలేదు. గొట్టం వేడెక్కినప్పుడు చెయ్యి కాలకుండా పైన కప్పే చెక్కను హ్యాండ్‌గార్డు అంటాం. దాని కింద తుప్పుందేమో చూడమన్నాడు. ఆయన స్క్రూలు విప్పబోతే ఒకటి కదల్లేదు. తల సగం నలిగింది.

తుపాకీ చేతికి రాగానే గొట్టం వెనక భాగాన్ని మూసే బోల్టు తీసి, తూటాలు ఉండే మ్యాగజైన్ తీసి, గొట్టంలోకి లైటు వేసి ఖాళీగా ఉందో లేదో చూడటం మొదటి పని. ఎవరెంత నమ్మకంగా చెప్పినా ఆ పని మానకూడదు. అలా చూస్తుంటే బోల్టు పిడి కింద ఇనుము మీద కిరీటం గుర్తు, దాని కింద జి.ఆర్.ఐ. (అప్పటి బ్రిటిష్ రాజు జార్జ్ ముద్ర), ఇషాపూర్, 1943 అని కనిపించాయి. హుగ్లీ ఒడ్డున ఉన్న మన రైఫిల్ ఫ్యాక్టరీలో చేసింది. మన స్టేషన్లలో కానిస్టేబుళ్ల భుజాన చూసిన త్రీనాట్‌త్రీనే అది. ముసలాయన దాన్ని 'ఐషాపోర్' అంటున్నాడు. సరిగ్గా ఎలా పలకాలో చెప్పాను. రెండుసార్లు అని చూసుకుని తల ఊపాడు.

ఈ రైఫిల్‌కు హ్యాండ్‌గార్డు నేరుగా ఊడిరాదు. ముందు గొట్టం కొస దగ్గర చెక్కను పట్టి ఉంచే ఇనుప తొడుగు, నోస్‌క్యాప్, తియ్యాలి. తర్వాత మధ్యలో చెక్క చుట్టూ ఉన్న ఇనుప పట్టీ, బ్యాండు, తియ్యాలి. ఆ బ్యాండు రెండు కొసల్నీ, బెల్టు తగిలించే రింగునీ కలిపి అడుగున ఒక్క స్క్రూ బిగించి ఉంటుంది. పట్టేసింది అదే. కారణం తుప్పొక్కటే కాదు. ఈ చెక్కలకు తరాల తరబడి అవిసె నూనె పట్టించేవారు. అది కారి స్క్రూ థ్రెడ్లలోకి దిగి, ఎండి, జిగురులా గట్టిపడుతుంది. పైగా ఇండియా నుంచి వచ్చిన చాలా రైఫిళ్లకు ఇనుము మీద నల్ల పెయింటు ఉంటుంది. అది స్క్రూ తల మీది గాడిని పూడ్చేస్తుంది. గాడిలో పెయింటు ఉండగా స్క్రూడ్రైవర్ లోపలికి దిగదు. దిగకుండా తిప్పితే జారి తలను నమిలేస్తుంది. ముసలాయన విషయంలో జరిగింది ఇదే.

ఆ స్క్రూ విరిగితే పని చాలా చెడుతుంది. దాని థ్రెడ్లు పాత బ్రిటిష్ కొలతలవి, ఇక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో దొరకవు. అందుకని తొందరపడలేదు. పదునైన సూదితో గాడిలోని పెయింటును కొంచెం కొంచెంగా గీకి తీశాను. రైఫిల్‌ను పక్కకు వాల్చి, సన్నని చోట్లకు చొచ్చుకుపోయే నూనెను సిరంజి సూదితో ఒక్కో చుక్కే వేశాను. చెక్కకు ఇంకితే మరక పడుతుంది కాబట్టి చుట్టూ గుడ్డ చుట్టాను. రెండు రోజులు దాన్ని తిప్పబోలేదు. పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క.

మా నాన్నకు సైకిల్ షాపు ఉండేది. పెడల్ కాడను ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను పట్టేస్తే కిరసనాయిలు పోసి పడుకునేవాడు. మర్నాడు సుత్తి ముట్టుకునేవాడు. నేను చిన్నప్పుడు రాత్రే కొడదామని గొడవ చేస్తే, "అది నానాలిరా, నీకేం తొందర" అనేవాడు.

మూడో రోజు సోల్డరింగ్ ఐరన్ బాగా వేడెక్కించి, దాని మొనను స్క్రూ తల మీద ఆనించాను. మంట పెడితే చెక్క కాలుతుంది. ఇలా చేస్తే వేడి స్క్రూకే పోతుంది. ఎండిన అవిసె నూనె మెత్తబడిన వాసన వచ్చింది. తర్వాత రైఫిల్‌ను తోలు పరిచిన డ్రిల్ ప్రెస్ బల్ల మీద పడుకోబెట్టాను. ప్లగ్గు పీకేసి, బిట్టును పట్టి ఉంచే చక్‌లో గాడికి సరిగ్గా సరిపోయేలా ఫైల్‌తో అరగదీసిన బిట్టు పెట్టాను. మామూలు స్క్రూడ్రైవర్ మొన సన్నబడుతూ ఉంటుంది కాబట్టి గాడిలోంచి పైకి ఎక్కేస్తుంది. మొన రెండు వైపులూ సమానంగా ఉండాలి. ప్రెస్ పిడితో కిందికి బలంగా నొక్కి పట్టుకుని చక్‌ను చేత్తో తిప్పాలి. ముందు వెంట్రుకవాసి బిగించే వైపు, తర్వాత విప్పే వైపు. మూడోసారి 'టిక్' మని చిన్న చప్పుడు వచ్చింది.

ఆ చప్పుడు వినడానికే నాకీ పని ఇష్టం.

వెంటనే గబగబా విప్పేయలేదు. పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి తిప్పి, చుక్క నూనె వేసి, మళ్లీ విప్పి, అలా తీశాను. హ్యాండ్‌గార్డు కింద బ్యాండు ఉన్నచోట ఎర్రటి పొడి ఉంది. మెత్తని ఉక్కు పీచును నూనెలో ముంచి రుద్దితే చాలావరకు పోయింది. లోతైన గుంటలు లేవు. మళ్లీ బిగించేటప్పుడు థ్రెడ్లకు కాస్త గ్రీజు రాశాను. బిగువు కూడా ఎక్కువ పెట్టలేదు. తర్వాత ఎవరు విప్పినా వాళ్లకు ఇంత అవస్థ ఉండకూడదు.

ఆ సాయంత్రం స్క్రూ ఫోటో నాన్నకు పంపాను. మన దేశంలో 1943లో చేసిందని రాశాను. ఊళ్లో అప్పటికి తెల్లారినట్టుంది, వెంటనే ఫోన్ చేశాడు.

"కిరసనాయిలు వేశావా?"

"ఇక్కడ వేరే నూనె దొరుకుతుంది నాన్నా."

"ఎంతసేపు నానబెట్టావు?"

"రెండు రోజులు."

"అయితే సరే," అని ఫోన్ అమ్మకిచ్చాడు.