చెల్లి పిలిస్తే నా ఫోన్ పలికింది

నాకూ మా చెల్లికీ గొంతు ఒకటే. ఫోన్ మోగితే అమ్మ పేరు చూడకుండానే ఎత్తేస్తుంది కాబట్టి, మేం "అమ్మా" అనగానే ముందు అడిగేది "పెద్దదానివా, చిన్నదానివా?" అనే.

మొన్న మార్చిలో గుంటూరు బ్రాడీపేటలో, మా పుట్టింట్లో జరిగిందిది. కారం ఆడించడానికి అమ్మ హాల్లో పాత చీర పరిచి, మిరపకాయలు కుప్ప పోసి ముచ్చికలు తీస్తోంది. నేనూ చెల్లీ చెరో పక్క కూర్చున్నాం, ముగ్గురికీ చేతులు మంటలు, ఎవరూ ఫోన్ ముట్టుకోవడం లేదు. టీవీ పక్కన పెట్టిన నా ఫోన్ టింగుమంది. చెల్లి అది తనదే అనుకుని, ఆ చేతులతో ఎందుకులే అని, గొంతుతో పిలిస్తే పలికే ఫోన్‌లోని అసిస్టెంట్‌ని కూర్చున్నచోటు నుంచే పిలిచి మెసేజ్ చదవమంది. తన ఫోన్ లోపలి గదిలో ఉంది. పలికింది నాది, అదీ లాక్ వేసి ఉన్నది. "మామయ్యగారి స్కాన్‌లో ఏదో కనపడిందట, పెద్ద డాక్టర్‌కి చూపించమన్నారు, అత్తయ్యకి ఇప్పుడే చెప్పకు" అని మా ఆయన పంపిన మెసేజ్‌ని ఒక్క అక్షరం వదలకుండా చదివేసింది.

అమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. కళ్ళు తుడుచుకోబోతుంటే చెల్లి గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపింది, మిరపకాయల చేతులు కదా.

నాన్నకి భయపడాల్సిందేమీ లేదని పది రోజులకు తేలింది. కానీ ఆ సంగతి అమ్మకి నేను చెప్పాల్సింది, సమయం చూసి, పక్కన కూర్చుని.

నా గొంతు నేర్పించి పెట్టిన ఫోన్ ఇంకొకరికి ఎలా పలికిందా అని తర్వాత కూర్చుని చదివాను. సెటప్‌లో మనం పిలుపు మాటని కొన్నిసార్లు పలుకుతాం కదా, అందులోంచి మన గొంతు తీరుని ఫోన్ అంకెలుగా మార్చి దాచుకుంటుంది. తర్వాత ఎవరు పిలిచినా వాళ్ళ గొంతుని దాంతో పోల్చి చూసి, పోలిక ఒక గీత దాటితే పలుకుతుంది. ఆ గీత మరీ పైకి పెడితే జలుబు చేసిన రోజు నాకే పలకదు, కిందికి దించితే చెల్లికీ పలుకుతుంది. కన్నతల్లే పోల్చుకోలేని గొంతుల్ని అది రెండు మూడు మాటల్లో పోల్చుకోవాలి మరి! అందుకే ఇది సౌకర్యమే తప్ప తాళం కాదు, నేను మాత్రం తాళమనే అనుకున్నాను.

గొంతు ఎవరిదో చూడకుండా పనిచేస్తే ఏమవుతుందో 2017లోనే బయటపడింది. ఆ జనవరిలో డల్లాస్‌లో ఓ చిన్నపిల్ల అమెజాన్ వాళ్ళ అసిస్టెంట్ అలెక్సాతో బొమ్మరిల్లు ఆర్డర్ చేయించిందన్న వార్త చెబుతూ శాన్ డియాగో టీవీ యాంకర్ ఒకరు ఆ మాటే పలికేసరికి, తమ ఇంట్లో అలెక్సా ఉండే ఎకో స్పీకర్ కూడా కొనబోయిందని చూసేవాళ్ళు ఫిర్యాదులు చేశారు. అది పొరపాటు, సరే. ఏప్రిల్‌లో బర్గర్ కింగ్ 15 సెకన్ల ప్రకటనలో కావాలనే గూగుల్‌ని పిలిచి, జనం ఇళ్ళల్లోని స్పీకర్లతో తమ బర్గర్ గురించి చెప్పించింది. నాకు కోపం వచ్చేది దానికి. ఎవరింట్లో వస్తువుని ఎవరు పిలవడం? గూగుల్ కొన్ని గంటల్లోనే దాన్ని అడ్డుకుంది.

అసలు వాడొద్దని నేననను, చూపు సరిగా ఆనని పెద్దవాళ్ళకి ఇది ఎంతో ఆసరా. లాక్ వేసి ఉన్నప్పుడు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్నది మాత్రం ఇవాళే చూసుకోండి. ఐఫోన్‌లో అయితే పాస్‌కోడ్ పెట్టుకునే పేజీలోనే, లాక్ ఉన్నప్పుడు సిరి పలకాలా వద్దా అన్న స్విచ్ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో అసిస్టెంట్ సెట్టింగుల్లో లాక్ స్క్రీన్ అని వెతకండి.

నేను ఆ రాత్రే మార్చేశాను. చెల్లి పిలిస్తే నా ఫోన్ ఇప్పటికీ పలుకుతుంది, కాకపోతే మెసేజ్ చదవమంటే ముందు లాక్ తీయమంటుంది.