కొత్త పంటి డాక్టరును ఎంచుకోవడం: పాలకొల్లు నుంచి నా అనుభవం

మా ఇంటిల్లిపాదికీ ఏళ్ల తరబడి పళ్లు చూసిన డాక్టరుగారు ప్రాక్టీసు మానేశారు. కొత్తవారిని వెతికే పని ఎవరికీ ఏ నొప్పీ లేనప్పుడే పెట్టుకున్నాను. దవడ పన్ను సలుపుతుంటే తెరిచి ఉన్న క్లినిక్‌కే పరిగెడతాం, ఏం చేస్తామన్నా సరే అంటాం. నొప్పి లేని రోజు చెకప్‌కో, గార తీయించుకోవడానికో వెళితే ఆ డాక్టరు చూసే పద్ధతి తెలుస్తుంది. నచ్చకపోతే ఫీజు కట్టి వచ్చేయొచ్చు.

ముందుగా పాత క్లినిక్ నుంచి ఎక్స్‌రేలు, చికిత్స వివరాలు తెచ్చుకోవాలి. ఏ పంటికి ఏం చేశారో నంబరుతో రాయించుకోండి. 36 అంటే ఎడమవైపు కింద మొదటి పెద్ద దవడ పన్ను, 46 అంటే కుడివైపున అదే పన్ను. రూట్ కెనాల్ ఏ సంవత్సరం చేశారు, క్యాప్ మెటలా, జిర్కోనియానా (పంటి రంగులో ఉండే గట్టి పింగాణీ లాంటిది), గ్యారంటీ కార్డు ఉందా అన్నవీ కావాలి. వీటితోపాటు వాడుతున్న మందుల చీటీ. షుగరు ఉంటే ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) రిపోర్టు తీసుకెళ్లాలి, ఎముకల బలానికి సూదులు వేయించుకుంటుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్ వాడేవాళ్లు పన్ను పీకించుకోవాలని సొంతంగా మాత్ర ఆపేయకూడదు. చాలావరకు మాత్ర వేసుకుంటుండగానే పీకి, దూది అదిమి, అవసరమైతే కుట్టు వేసి రక్తం ఆపుతారు. ఈ మందుల సంగతి తనంతట తాను అడగని డాక్టరును నేను జాబితాలోంచి తీసేశాను.

మన డెల్టా టౌన్లలో ప్రత్యేకంగా కనుక్కోవలసినది ఇంకొకటి ఉంది. చిన్న క్లినిక్‌లలో రోజూ ఉండేది బీడీఎస్ (పంటి వైద్యంలో డిగ్రీ) డాక్టరు. రూట్ కెనాల్‌కో, క్లిప్పులకో, జ్ఞానదంతం తీయడానికో ఎండీఎస్ (ఆ పైన ఒక విభాగంలో పీజీ) చేసినవారు వారానికోసారి పెద్ద ఊరి నుంచి వస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఫోన్ చేస్తే "ఆయ్, సార్ ఆదివారం వస్తారండి" అన్నప్పుడు వెంటనే అడగాలి: సోమవారం వాపు వస్తే చూసేదెవరు? "మేమే చూస్తామండి, సార్‌తో ఫోన్లో మాట్లాడి మందు రాస్తాం" అన్నచోట నమ్మకం కుదిరింది. బోర్డు మీద ఎండీఎస్ అని ఉంటే ఎందులోనో చూడండి. రూట్ కెనాల్‌కు ఎండోడాంటిక్స్, చిగుళ్లకు పీరియోడాంటిక్స్, కట్టుడు పళ్లకు ప్రోస్తోడాంటిక్స్. డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడగొచ్చు, అడిగితే నొచ్చుకోవలసిన విషయం కాదది. తీరిక ఉండి, ఖర్చు తగ్గాలనుకునేవారికి భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ ఉంది. విద్యార్థులు చేస్తే ప్రొఫెసర్లు దశదశకీ సరిచూస్తారు కాబట్టి ఒక్కో పనికీ ఎక్కువసేపు పడుతుంది.

పనిముట్ల శుభ్రత నా కళ్లతో చూడనిదే కుర్చీలో కూర్చోను. సీలు చేసిన పౌచ్‌ను మన ముందే చింపాలి. దాని మీద రంగు మారిన గుర్తు ఉండాలి. అయితే ఆ రంగు పౌచ్ వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది, క్రిములు చచ్చాయని కాదు. దానికి స్పోర్ టెస్టు వేరే ఉంటుంది (గట్టి క్రిములను లోపల పెట్టి అవి చచ్చాయో లేదో చూసే పరీక్ష), అది చేస్తున్నారో లేదో అడగండి. పనిముట్లను ఒత్తిడి ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు, లేదా 134 దగ్గర కనీసం 3 నిమిషాలు నడవాలి. మధ్యలో కరెంటు పోతే మొదటి నుంచీ మళ్లీ పెట్టాలి. మనకు వేసవిలో కరెంటు ఎలా ఉంటుందో తెలిసిందే, అందుకే జనరేటర్ గురించీ అడిగాను. పన్ను అరగదీసే హ్యాండ్‌పీస్ కూడా ప్రతి పేషెంటుకీ ఆటోక్లేవ్‌లో పెట్టాల్సిందే. స్పిరిట్‌తో తుడిస్తే లోపలికి వెళ్లిన ఉమ్మి, రక్తం పోవు.

ఇక పరీక్ష. మంచి డాక్టరు నొప్పి ఉన్న పన్ను ఒక్కటే చూడరు. నాలుక పక్కకు లాగి కిందివైపు, బుగ్గల లోపల, అంగిలి చూస్తారు. లంక పొగాకు చుట్టలు కాల్చే ఊళ్లు మనవి. కొందరు పెద్దవాళ్లకు అడ్డపొగ అలవాటు కూడా ఉంటుంది, నిప్పు లోపలివైపు పెట్టుకోవడంతో అంగిలి దెబ్బతింటుంది. మానని పుండో, తెల్ల మచ్చో ఉంటే ఈ పరీక్షలోనే బయటపడాలి. తరవాత సన్నటి కొలత పుల్లతో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల చిగురు లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు పరవాలేదు, 4 గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉండి రక్తం వస్తుంటే చిగుళ్ల జబ్బు మొదలైనట్టే. నేను చూపించుకున్నచోట డాక్టరమ్మ అంకెలు చెబుతుంటే అసిస్టెంటు ఒక్కొక్కటీ చార్టులో రాసుకుంది. క్లినిక్ ఎంపిక నాకు అక్కడే తేలిపోయింది. గార తీస్తే పళ్లు కదిలిపోతాయని మనవైపు గట్టి నమ్మకం. కదిలేది ఎముక అరిగిన పన్ను. ఆ వదులును ఇన్నాళ్లూ గార కప్పి ఉంచిందంతే. క్లీనింగ్ అయ్యాక కొన్నాళ్లు చల్లటి నీళ్లకు జివ్వుమనడం మామూలే.

రూట్ కెనాల్ అవసరమన్నారంటే ఎక్స్‌రే చూపించి చెప్పమనండి. పన్ను చుట్టూ రబ్బరు షీటు కడతారా అని అడగండి. అది ఉంటే ఉమ్మి లోపలికి పోదు, కాలువ గీకే సూదిలాంటి సన్నటి ఫైలు జారినా గొంతులో పడదు. లెక్క రాయించుకునేటప్పుడు రూట్ కెనాల్, లోపల ఫిల్లింగ్, క్యాప్ విడివిడిగా రాయమనాలి. మొత్తం చెప్పారనుకుని వెళ్లినవాళ్లకు క్యాప్ వేరని ఆఖర్న తెలియడం ఎక్కువ. దవడ పంటికి క్యాప్ వాయిదా వేయకూడదు. కాలువ శుభ్రం చేయడానికి పైన తొలిచిన పన్ను తేగో చెరకు ముక్కో కొరికితే నిలువునా చీలొచ్చు, అలా చీలితే పీకడమే.

క్యాప్ ల్యాబ్‌లో తయారై రావాలి. సంక్రాంతికి ల్యాబ్‌లూ మూసేస్తారు, క్లినిక్‌లు హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలతో నిండిపోతాయి. కొలతలు డిసెంబరులోనే ఇచ్చేయడం మేలు. ఈలోపు తాత్కాలిక క్యాప్ ఉన్నవాళ్లు పాకం ఉండలు, కాజాలు ఆ వైపు నమలకూడదు, అంటుకుని ఊడొస్తుంది. అసలు క్యాప్ అతికించాక రంగు కాగితం కొరికించి ఎత్తు సరిచూస్తారు. మత్తు దిగాక ఆ పన్నే ముందు తగులుతున్నట్టుంటే అదే సర్దుకుంటుందని ఊరుకోకుండా మర్నాడే వెళ్లి అరగదీయించుకోవాలి.