డీమ్డ్ హోదా కోసం మా కాలేజీ దరఖాస్తు – నా అనుభవం

మా కాలేజీకి డీమ్డ్ యూనివర్సిటీ హోదా (అంటే విశ్వవిద్యాలయంలా సొంతంగా డిగ్రీలు ఇచ్చే వీలు) తేవాలని యాజమాన్యం నిర్ణయించాక, ఆ పని చూసే కమిటీలో నన్నూ వేశారు. పాఠాలు చెప్పుకునేవాడికి భూమి కాగితాలతో పనేమిటని అనుకున్నాను. చివరికి ఎక్కువ రోజులు గడిపింది ఆ కాగితాలతోనే.

ఢిల్లీలో ఎవరినో పట్టుకుంటే హోదా వచ్చేస్తుందని బయట చాలామంది నమ్మకం. చట్టంలో ఉన్న దారి వేరు. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చట్టం 3వ సెక్షన్ కింద, యూజీసీ సలహా మీద కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. 1958లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి వచ్చిందీ దీని కిందే. నిబంధనలు మాత్రం 2010, 2016, 2019లలో మారి, మళ్లీ 2023లో మారాయి. మాకు వర్తించినవి ఈ చివరివి.

గడప దాటడమే కష్టం. కాలేజీల నాణ్యతకు గ్రేడులిచ్చే నాక్‌లో వరసగా మూడు సైకిళ్లు (మూల్యాంకన దఫాలు) నాలుగుకి కనీసం 3.01 సీజీపీఏ, అంటే సగటు స్కోరు, ఉండాలి. లేదా అర్హమైన కోర్సుల్లో మూడింట రెండు వంతులకు మూడు సైకిళ్లు ఎన్‌బీఏ (సాంకేతిక, వృత్తివిద్యా కోర్సులను పరిశీలించే సంస్థ) గుర్తింపు ఉండాలి. అదీ కాకపోతే కేంద్రం ఇచ్చే విద్యాసంస్థల ర్యాంకులు ఎన్ఐఆర్ఎఫ్‌లో వరసగా మూడేళ్లు ఏదో ఒక విభాగంలో మొదటి 50లోనో, ఓవరాల్‌లో మొదటి 100లోనో నిలవాలి. మేం నాక్ దారిలో వెళ్లాం. మామూలుగా ఒక్కో సైకిల్ అయిదేళ్లు. అంటే అప్పట్లో మా పాత ప్రిన్సిపాల్ గారు అందరూ విసుక్కుంటున్నా పట్టుబట్టి మొదటి సైకిల్‌కి వెళ్లారు కాబట్టే ఇవాళ మాకు దరఖాస్తు పెట్టే వీలు దొరికింది. ఎన్ని కోట్లు పోసినా అన్నేళ్ల వెనకటి ఆ పని ఇప్పుడు కొనలేం.

ఇవి కాక ఫ్యాకల్టీ 150 మంది, ప్రైవేటు సంస్థ కాబట్టి 25 కోట్ల కార్పస్ ఫండ్ (మూలనిధి) ఉండాలి. ఈ రెండూ డబ్బుతో తెమిలే పనులే, తెమిలాయి. అపాయింట్‌మెంట్ ఆర్డర్లు, ఫారం 16లు, పీహెచ్‌డీ సర్టిఫికెట్లు ఒకదానితో ఒకటి సరిపోయేలా చూడటానికి ఆఫీసు వాళ్లు రాత్రిళ్లు కూర్చున్నారు.

అసలు పీటముడి కాలేజీని నడిపే సొసైటీ దగ్గర పడింది. హాస్టల్ ఉన్న స్థలంలో కొంత భాగం ఛైర్మన్ గారి కుటుంబం పేరిట ఉంది. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ భూమి సంస్థ పేరిట స్పష్టంగా ఉండాలి. గిఫ్ట్ డీడ్ మాట వచ్చేసరికి మీటింగు నిశ్శబ్దమైపోయింది. దానికి ఒప్పుకున్నాక పాలక మండళ్ల సంగతి వచ్చింది. హోదా వచ్చాక నిర్ణయాలు చేసేది వైస్ ఛాన్సలర్ అధ్యక్షతన ఉండే ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్. "కాలేజీ కట్టింది మేము, కుర్చీలో ఇంకొకరా?" అన్నారు ఛైర్మన్ గారు. "మీ మాట వినరని కాదు సార్, ఇకమీదట అది మినిట్స్‌లో రాసి ఉండాలి, అంతే" అన్నారు మా ప్రిన్సిపాల్. నా దృష్టిలో మొత్తం నిబంధనల్లో విలువైన భాగం ఇదే. ల్యాబులు ఎవరైనా కడతారు. కుటుంబం చేతిలోని సంస్థను నలుగురికి జవాబు చెప్పేలా మార్చడం అంత తేలిగ్గా జరగదు.

యూజీసీ నిపుణుల కమిటీ తనిఖీకి వచ్చినప్పుడు గోడల రంగుల వైపు ఎవరూ చూడలేదు. లైబ్రరీలో కాసేపు తిరిగారు, విద్యార్థులతో మేం లేకుండా మాట్లాడారు, తర్వాత పరిశోధన లెక్కలు తీయమన్నారు. ఏ పేపరు ఇక్కడి ల్యాబులో చేసిన పనో, ఏది కొత్తగా చేరినవాళ్లు వెంట తెచ్చుకున్నదో విడదీసి అడుగుతుంటే టెన్షన్ పడ్డాం. ఆ పైన రాతపూర్వక వివరణలు, మళ్లీ ఎదురుచూపు. చివరికి నోటిఫికేషన్ వచ్చింది.

బస్సుల మీద "యూనివర్సిటీ" అని రాయించాలని ఉత్సాహపడ్డవాళ్లకు మా లీగల్ అడ్వైజర్ 2017 నాటి సంగతి గుర్తు చేశారు. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ ఏడాది నవంబరులో యూజీసీ 123 సంస్థలను పేరులోంచి ఆ మాట తీసేయమంది. పేరు పక్కన బ్రాకెట్లో "డీమ్డ్ టు బి యూనివర్సిటీ" అని వేసుకోవచ్చు, అంతే.

అటానమస్‌గా ఉన్నప్పుడే సిలబస్, పరీక్షలు మావి. కొత్తగా వచ్చింది సొంత డిగ్రీ ఇచ్చే హక్కు. అదీ కొత్త బ్యాచ్‌కే. సీనియర్లకు పాత అనుబంధ విశ్వవిద్యాలయం పట్టాలే వస్తాయి కాబట్టి, వాళ్ల సప్లిమెంటరీలు అయిపోయేదాకా మా ఎగ్జామ్ బ్రాంచిలో రెండు రకాల రిజిస్టర్లు నడుస్తూనే ఉంటాయి.