పులిజూదంలో నక్క

నిద్ర పట్టడం లేదు. మధ్యాహ్నం తిన్న గుత్తివంకాయ కారణం కాదు, అక్క కొడుకు కారణం.

వాడు ఈసారి గేమ్ డిజైనర్ అవుతాడట. చంకలో 200 పేజీల నోటుపుస్తకంతో వచ్చాడు. చూపించమంటే గుండెకు హత్తుకున్నాడు. "మీ ఆఫీసులో ఎవరితోనూ అనకు పిన్నీ. ఐడియా నాది, కోడింగ్ మీలో ఎవరైనా చేయండి, చెరి సగం." చెరి సగం! వడ్డిస్తున్న గరిటె గాలిలోనే ఆగిపోయింది.

కంప్యూటర్ గేములు తయారుచేసే మా ఆఫీసులో ఐడియాలకు కరువు లేదు. టీ తెచ్చే అబ్బాయి దగ్గర కూడా రెండున్నాయి, అందులో ఒకటి బాగుంటుంది. ఆడితే విసుగ్గా ఉందని తేలాక కూడా కూర్చుని మార్చే మనిషే దొరకడు. నేను టెస్టరుగా చేరాను. ఒకే లెవెల్‌ను రోజుకు నలభై సార్లు ఆడి, ఎక్కడ గోడలోంచి దూరిపోతున్నానో రాసిపెట్టే పని. రెండేళ్లపాటు నన్నెవరూ ఐడియా అడగలేదు.

వాడికి టెట్రిస్ కథ చెప్పాను, పైనుంచి పడే ముక్కలను వరుసలుగా పేర్చే కంప్యూటర్ ఆట అది. 1984లో మాస్కోలో పజిత్నోవ్ అనే ప్రోగ్రామర్ దాన్ని రాసిన కంప్యూటర్‌లో బొమ్మలే రావు, బ్రాకెట్లతో ముక్కలు గీశాడు. ఐదు గళ్ల ముక్కలు పేర్చే పజిల్ అప్పటికే ఉంది. ఆయన నాలుగు గళ్లకు తగ్గించి 7 ముక్కలతో సరిపెట్టాడు. తెర చూస్తుండగానే నిండిపోతోందని, నిండిన వరుస మాయమయ్యేలా చేశాడు. "ఇందులో ఐడియా ఎక్కడుందిరా?" అన్నాను.

"ఆ వరుసే ఐడియా కదా పిన్నీ."

జవాబు తోచలేదు. అందుకే ఇంకా మండుతోంది. అట్టముక్క మీద గీసి చింతపిక్కలతో ఒక్క ఆట ఆడించమంటే, అది తర్వాతి పని అన్నాడు.

నాకు పదేళ్లప్పుడు, తాతయ్య వాళ్ల అరుగు బండ మీద చెక్కిన పులిజూదంలోకి నేనో నక్కను తెచ్చాను. 3 పులులు, 15 మేకలు, ఎవరి పక్షమూ కాని నక్క. వంతు వచ్చినవాళ్లు కావాలంటే దాన్నే జరపవచ్చు. బావ కొట్టేస్తాడని రాత్రంతా ఎవరికీ చెప్పలేదు. (ఇదిగో, రాస్తుంటే ఇప్పుడు తెలుస్తోంది.) తెల్లవారి ఆడాం. పులులను కదలకుండా కట్టేస్తే మేకలు గెలవాలి. కట్టేశాను. బావ నవ్వి నక్కను ఒక చోటు జరిపాడు. మళ్లీ వంతుకు వెనక్కి జరిపాడు. "నాకు ఎత్తు ఉందిగా!" భోజనాలవేళ దాకా ఆ నక్క అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఏడ్చాను. నక్కకు మూడే ఎత్తులన్నాం, బావ వాటిని చివరిదాకా దాచుకున్నాడు. నక్క కూడా మేకలను తింటుందన్నాం, మేకలే మిగల్లేదు. మూడో రోజు తాతయ్య ఆ గులకరాయిని వీధిలోకి విసిరేసి, మామూలు ఆటకు కూర్చున్నారు.

ఐడియాకు విలువ లేదని మధ్యాహ్నం గట్టిగానే అన్నాను. ఆ నక్క లేకపోతే రెండు రోజులు బండను వదలకుండా కూర్చునేదాన్నా? నా కోపం వాడి ఐడియా మీద కాదు, నా దగ్గర దాచినందుకు. లేదా చెరి సగం అన్నందుకు. రెండూనేమో. గారెలు కట్టిస్తే తీసుకెళ్లాడు, పుస్తకం మాత్రం విప్పలేదు.

పాల బిల్లు వెనక పులిజూదం గీశాను. నక్క ఒకసారి నిలిచిన చోట మళ్లీ నిలవకూడదంటే? ఉన్నవి 23 చోట్లే, ఎప్పటికైనా ఆగాలి. కందిపప్పు మేకలు, శనగలు పులులు, నక్కకు ఒక మిరియం. ఇప్పటికి పదకొండు ఎత్తులయ్యాయి. ఈయన లైటు ఆర్పమని రెండోసారి అంటున్నారు.