లూమిస్‌లో క్లిక్కర్ క్లాసులు

అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ, అర్బానా-షాంపేన్‌లో ఫిజిక్స్ కోర్సు చేసిన మనవాళ్లందరికీ లూమిస్ లెక్చర్ హాలూ, చేతిలో ఆ తెల్ల క్లిక్కరూ గుర్తుండే ఉంటాయి. క్లాసులో అడిగిన ప్రశ్నకి నొక్కి జవాబు చెప్పే రిమోటు లాంటిదది: ఎ నుంచి ఇ వరకు అయిదు బటన్లు, ఒక పవర్ బటన్, అంతే. అమెరికా కాలేజీల్లో అంతగా వాడే ఐక్లిక్కర్‌ని తయారుచేసింది మన ఫిజిక్స్ ప్రొఫెసర్లే, ఆ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వమే.

నేను ఇంటర్ రెండేళ్లూ ఎంసెట్ బిట్లు చేసి చేసి వెళ్లినవాణ్ణి. ఆప్షన్లు కనపడగానే రెండు కొట్టేసి, మిగిలిన రెండిట్లో ఒకటి పెట్టేసి, తర్వాతి బిట్టుకి పోవడమే తెలుసు. పక్కవాడితో మాట్లాడితే పేపరు లాగేసుకుంటారు. ఇక్కడేమో సారే పక్కవాళ్లతో మాట్లాడమంటారు!

పెద్ద ట్రక్కు, చిన్న కారు గుద్దుకుంటే దేని బలం ఎక్కువ? న్యూటన్ మూడో నియమం అందరూ స్కూల్లో చదివిందే, అయినా మేం నొక్కిన ఓట్లు చూపే తెరమీది గ్రాఫులో ట్రక్కు గీత పైకి లేచేది. సార్ జవాబు చెప్పేవారు కాదు. రెండు నిమిషాలు హాలంతా సంతే. నుజ్జయింది కారే కదా అని ఒకరు, బలం సమానమే, కారు ద్రవ్యరాశి తక్కువ కాబట్టి త్వరణం ఎక్కువ అని ఇంకొకరు. మళ్లీ ఓటేస్తే గ్రాఫు మారిపోయేది.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మొదటి ఓటులో సరైన జవాబు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య వస్తే చర్చకి వదలాలి, తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకెళ్లాలి. తెలివైనవాడు చెప్పిందే అందరూ నొక్కేస్తారని చాలామంది అంటారు, కానీ కొలరాడో యూనివర్సిటీవాళ్లు 2009లో సైన్స్ పత్రికలో ఆ అనుమానం తీర్చేశారు. చర్చ అయ్యాక అదే విషయం మీద ఇంకో ప్రశ్న ఇచ్చి ఎవరికి వారే జవాబు చెప్పమంటే అక్కడా మెరుగుపడ్డారు, గుంపులో మొదట ఎవరికీ జవాబు తెలియకపోయినా సరే.

మనూళ్లలో లెక్చరర్లుగా ఉన్నవాళ్లకి ఒక్క మాట. క్లిక్కర్లు కొనక్కర్లేదు. ప్లిక్కర్స్ అనే యాప్ కార్డులు ప్రింట్ తీసి పిల్లలకిస్తే, వాళ్లు ఏ వైపు పైకి పెట్టి పట్టుకుంటే ఆ ఆప్షన్, మీ ఫోన్ కెమెరా చదివేస్తుంది. సిలబస్ అవ్వలేదని ఆ రెండు నిమిషాల చర్చ మాత్రం కోసెయ్యకండి, దయచేసి. మెకానిక్స్, కరెంటు పాఠాలకి నా దగ్గర ప్రశ్నలున్నాయి, అడిగితే పంపిస్తాను.